బ్రౌజర్ రిక్వెస్ట్‌ని ఏపీఐ టూల్‌లోకి తేవడం: కర్ల్, హార్, ఇంటర్‌సెప్టర్ మూడూ వాడాక నా రివ్యూ

ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) టెస్టింగ్ చేసేవాళ్ళందరికీ బ్రౌజర్ పంపే రిక్వెస్ట్‌ని పట్టుకునే ఈ పని తగులుతూనే ఉంటుంది. స్క్రీన్ మీద బటన్ నొక్కితే ఆర్డర్ సేవ్ అవుతోంది, కానీ వెనకాల ఏ రిక్వెస్ట్ వెళ్తోంది, బాడీలో (పంపే అసలు డేటాలో) ఏ ఫీల్డులు తప్పనిసరి, ఏ హెడర్ (రిక్వెస్ట్‌తో పాటు వెళ్ళే అదనపు వివరం) లేకపోతే సర్వర్ ఒప్పుకోదు అన్నది డాక్యుమెంట్‌లో ఉండదు, ఉన్నా ఎప్పుడో పాత వెర్షన్ సంగతి ఉంటుంది. డెవలపర్‌ని అడిగితే "నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూసుకోండి" అంటారు. అది మంచి సలహానే. బ్రౌజర్‌తో పాటు వచ్చే డెవ్‌టూల్స్‌లో ఉంటుంది ఆ ట్యాబ్, బ్రౌజర్ నిజంగా ఏం పంపుతోందో అక్కడ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. అక్కడ పట్టుకున్నదాన్ని పోస్ట్‌మన్, ఇన్సోమ్నియా, బ్రూనో లాంటి ఏపీఐ టూల్‌లోకి తెచ్చి నిలబెట్టడానికి ఉన్న దారుల గురించే ఈ రివ్యూ.

తొందరలో ఉన్నవాళ్ళకి నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఒకటో రెండో రిక్వెస్టులు కావాలంటే కాపీ యాజ్ కర్ల్ (రిక్వెస్ట్‌ని ఒక కమాండ్‌గా కాపీ చేసే బ్రౌజర్ ఎంపిక) వాడండి, దాన్ని మించింది లేదు. లాగిన్ దగ్గర్నుంచి చెకౌట్ దాకా మొత్తం వరస కావాలంటే హార్ ఫైల్ (నెట్‌వర్క్ ట్యాబ్‌లో పట్టుబడినవన్నీ ఉండే ఫైల్), కానీ దాన్ని ముందు శుభ్రం చెయ్యాలి. పోస్ట్‌మన్ ఇంటర్‌సెప్టర్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ మాత్రం కుకీలు (సైట్ బ్రౌజర్‌లో దాచే చిన్న డేటా) మాటిమాటికీ మారిపోయే సైట్లకే బాగుంటుంది, మిగతా పనులకి దాని సెటప్ దండగ. ఏ దారిలో వచ్చినా ఇంపోర్ట్ అవ్వడం నిమిషం పని. ఇంపోర్ట్ అయిన రిక్వెస్ట్ రేపు, ఇంకో మెషీన్‌లో, ఇంకో అకౌంట్‌తో కూడా నడిచేలా చెయ్యడమే అసలు పని, నేను మార్కులు వేసేది దాన్నిబట్టే.

ముందు కాపీ యాజ్ కర్ల్. కర్ల్ అనేది డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఆ పేరుతో విడుదల చేసిన కమాండ్ లైన్ టూల్. ఇన్నేళ్ళ తర్వాత బ్రౌజర్లకీ టెస్టింగ్ టూల్స్‌కీ మధ్య అందరికీ అర్థమయ్యే ఉమ్మడి భాష అదే అయిపోయింది. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పని జరిగాక ఆ రిక్వెస్ట్ మీద రైట్ క్లిక్ చేసి, కాపీ మెనూలోకి వెళ్తే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ సఫారీలోనూ ఇదే ఉంది. పేస్ట్ చేసే చోటు కూడా ఇప్పుడు చాలా సులువైపోయింది, పోస్ట్‌మన్‌లోనూ ఇన్సోమ్నియాలోనూ యూఆర్ఎల్ రాసే పెట్టెలో నేరుగా పేస్ట్ చేసినా మెథడ్, హెడర్లు, బాడీ అన్నీ వాటి వాటి చోట్లకి సర్దుకుంటాయి. బ్రూనోలో కొత్త రిక్వెస్ట్ తెరిచేటప్పుడు కర్ల్ నుంచి అనే ఎంపిక ఉంటుంది.

పట్టుకునే ముందు రెండు మూడు సెట్టింగులు చూసుకుంటే చాలా టైమ్ మిగులుతుంది. ప్రిజర్వ్ లాగ్ టిక్ పెట్టుకోవాలి, లేకపోతే లాగిన్ అయ్యి పేజీ మారగానే లిస్టు ఖాళీ అయిపోయి, మీకు కావాల్సిన లాగిన్ రిక్వెస్టే పోతుంది. డిసేబుల్ క్యాష్ కూడా టిక్ పెట్టండి, ఎందుకో కింద చెప్తాను. ఫెచ్/ఎక్స్‌హెచ్ఆర్ (పేజీలోని జావాస్క్రిప్ట్ పంపే రిక్వెస్టులు) ఫిల్టర్ పెడితే బొమ్మలు, ఫాంట్లు, స్టైల్ ఫైళ్ళ గోల తగ్గుతుంది. గ్రాఫ్‌క్యూఎల్ (ఏపీఐలు రాసే ఒక పద్ధతి) వాడే సైట్ అయితే ఇంకో తిప్పలు, ప్రతి రిక్వెస్టూ ఒకే యూఆర్ఎల్‌కి వెళ్తుంది కాబట్టి లిస్టులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, అప్పుడు ఒక్కోదాని పేలోడ్ (పంపిన డేటా) తెరిచి ఆపరేషన్ నేమ్ చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు.

విండోస్ వాడేవాళ్ళకి ఒక మాట. క్రోమ్ అక్కడ రెండు రకాల కర్ల్ ఇస్తుంది, ఒకటి సీఎండీ (విండోస్ కమాండ్ షెల్) కోసం, ఇంకోటి బ్యాష్ (లైనక్స్‌లో వాడే షెల్) కోసం. మనం ఉన్నది విండోస్ కదా అని సీఎండీది తీసుకుంటే అడుగడుగునా క్యారెట్ (^) గుర్తులు వస్తాయి, ఎందుకంటే ఆ షెల్‌లో ప్రత్యేక అక్షరాల్ని అలాగే దాటించాలి. టెస్టింగ్ టూల్స్ ఎక్కువగా బ్యాష్ రూపాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. టూల్‌లో పేస్ట్ చెయ్యడానికైతే ఎప్పుడూ బ్యాష్‌దే తీసుకోండి, మీ మెషీన్ ఏదైనా సరే. "ఇంపోర్ట్ అయ్యింది కానీ జేసన్ తప్పని సర్వర్ అంటోంది" అని (జేసన్ అంటే డేటా రాసే ఒక ఫార్మాట్) వచ్చే ప్రశ్నల్లో నేను మొదట అడిగేది ఇదే.

బ్యాష్ రూపంలో కూడా ఒక మెలిక ఉంది. బాడీలో సింగిల్ కోట్ గానీ, ఆశ్చర్యార్థకం గానీ, కొత్త లైను గానీ ఉంటే క్రోమ్ మామూలు కోట్లకి బదులు డాలర్ గుర్తుతో మొదలయ్యే కోటింగ్ వాడి, ఆ అక్షరాల్ని కోడ్లుగా మారుస్తుంది. బ్యాష్‌కి అది తెలుసు. కొన్ని ఇంపోర్టర్లకి సరిగ్గా తెలియదు, దాంతో బాడీ మొదట్లో ఒక డాలర్ మిగిలిపోతుంది, లేదా ఆశ్చర్యార్థకం ఉండాల్సిన చోట బ్యాక్‌స్లాష్, యు, నాలుగు అంకెలు కనిపిస్తాయి. అందుకే పేస్ట్ చేసిన వెంటనే సెండ్ నొక్కకుండా ఒక్కసారి బాడీ కిందదాకా చదవడం అలవాటు చేసుకోవాలి. యూజర్లు టైప్ చేసిన టెక్స్ట్ ఉండే రిక్వెస్టుల్లో, అంటే కామెంట్లు, అడ్రసులు, మెసేజ్‌లు లాంటివాటిలో, ఇది మరీ ఎక్కువ.

ఇక ఇంపోర్ట్ అయ్యాక సెండ్ నొక్కితే ఏమవుతుందో చూద్దాం. చాలాసార్లు మొదటి దెబ్బకే 200 (పని అయిందని సర్వర్ చెప్పే కోడ్) వస్తుంది, సంతోషమేస్తుంది. ఎందుకు వచ్చిందంటే మీ లాగిన్ సెషన్ మొత్తం ఆ కర్ల్‌తో పాటు వచ్చేసింది. జావాస్క్రిప్ట్‌కి కనిపించని హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీలు కూడా అందులో ఉంటాయి, ఆథరైజేషన్ హెడర్‌లో టోకెన్ (లాగిన్ అయ్యారని చూపే గుర్తింపు) ఉంటుంది. ఆ సెషన్ బతికున్నంతసేపే ఈ రిక్వెస్ట్ బతుకుతుంది. మర్నాడు అదే కలెక్షన్ (టూల్‌లో దాచుకున్న రిక్వెస్టుల గుంపు) తెరిచి నడిపితే వరసగా 401లు (లాగిన్ చెల్లదని చెప్పే కోడ్) వస్తాయి, అప్పుడు సర్వర్ పాడైందేమో అని టెన్షన్ పడి బగ్ రాసేవాళ్ళు ఉన్నారు. టోకెన్ జేడబ్ల్యూటీ (చుక్కలతో విడదీసిన మూడు భాగాల టోకెన్) అయితే మధ్య భాగాన్ని డీకోడ్ చేసి అందులో ఎక్స్‌పైరీ ఎప్పుడుందో చూడండి, కొన్ని సైట్లలో అది నిమిషాల్లోనే అయిపోతుంది.

కొన్నిసార్లు 304 వస్తుంది, రెస్పాన్స్ బాడీ ఖాళీగా ఉంటుంది. దీనికి చాలామంది తికమకపడతారు. బ్రౌజర్ దగ్గర ఆ డేటా ముందే క్యాష్‌లో ఉండటంతో, "నా దగ్గర ఈ వెర్షన్ ఉంది, మారితేనే పంపు" అనే ఇఫ్-నన్-మ్యాచ్ హెడర్‌తో అడిగింది. ఆ హెడర్ కూడా కర్ల్‌లో వచ్చింది. ఇప్పుడు పోస్ట్‌మన్ దగ్గర పాత డేటా ఏమీ లేకపోయినా అదే మాట సర్వర్‌కి చెప్తోంది, సర్వర్ కూడా మారలేదనే జవాబిస్తోంది. ఆ హెడర్ తీసేస్తే సరి, దానితో పాటు ఇఫ్-మాడిఫైడ్-సిన్స్ ఉంటే అదీ తియ్యండి. డిసేబుల్ క్యాష్ పెట్టుకోమని పైన చెప్పింది ఇందుకే, అప్పుడు ఈ హెడర్లు అసలు పుట్టవు.

నెట్‌వర్క్ ట్యాబ్‌లో ప్రొవిజనల్ హెడర్స్ ఆర్ షోన్ అనే హెచ్చరిక కనిపిస్తే ఆ రిక్వెస్ట్‌ని నమ్మకండి. అది క్యాష్ నుంచి వచ్చి ఉండొచ్చు, సర్వీస్ వర్కర్ (పేజీ వెనకాల నడిచే స్క్రిప్ట్) మధ్యలో అందుకుని ఉండొచ్చు, లేదా నెట్‌వర్క్ దాకా వెళ్ళకుండానే ఆగిపోయి ఉండొచ్చు. నిజంగా వెళ్ళిన హెడర్లు అక్కడ పూర్తిగా ఉండవు, కాబట్టి కర్ల్ కూడా సగమే. పేజీ రీలోడ్ చేసి మళ్ళీ పట్టుకోవాలి.

ఫైల్ అప్‌లోడ్ రిక్వెస్టుల దగ్గర ఈ పద్ధతి దాదాపు చేతులెత్తేస్తుంది. మల్టీపార్ట్ బాడీ (ఫీల్డులూ ఫైళ్ళూ ముక్కలుగా ఉండేది) ఆ ముక్కల్ని విడదీసే పొడుగాటి బౌండరీ గీతలతో, ఒకే ముద్ద టెక్స్ట్‌గా వస్తుంది, ఫైల్‌లోని అసలు సరుకు మాత్రం అందులో ఉండదు. దాన్ని అలాగే పంపితే సర్వర్‌కి ఖాళీ ఫైల్ చేరుతుంది, కొన్ని సర్వర్లు దానికి కూడా 200 ఇచ్చేస్తాయి, అది ఇంకా ప్రమాదం. ఇలాంటప్పుడు నేను బాడీని పూర్తిగా పారేసి, టూల్‌లో ఫామ్-డేటా ఎంచుకుని, ఫీల్డుల పేర్లు మాత్రం చూసి కొత్తగా నింపి, ఫైల్‌ని చేత్తో తగిలిస్తాను. కంటెంట్-టైప్ హెడర్ కూడా తీసేయాలి, పాత బౌండరీ అందులో ఉంటే కొత్త బాడీతో పొసగదు. కంటెంట్-టైప్‌ని టూల్ తనే సరిగ్గా పెట్టుకుంటుంది.

ఇప్పుడు శుభ్రం చెయ్యడం గురించి, నా లెక్కలో మొత్తం పనిలో పెద్ద వాటా ఇదే. బ్రౌజర్ రిక్వెస్ట్‌లో రావాల్సిన హెడర్లు మూడో నాలుగో ఉంటే, మిగతావన్నీ బ్రౌజర్ తన గురించి చెప్పుకునేవి. సెక్-సీహెచ్ అని మొదలయ్యేవి, సెక్-ఫెచ్ అని మొదలయ్యేవి, యూజర్-ఏజెంట్, యాక్సెప్ట్-లాంగ్వేజ్, ప్రయారిటీ, ఇలా. వీటిని గంపగుత్తగా తీసేయకూడదు, ఎందుకంటే కొన్ని సర్వర్లు ఆరిజిన్ గానీ రెఫరర్ గానీ లేకపోతే తిప్పికొడతాయి, సెక్-ఫెచ్ హెడర్లు చూసి వేరే సైట్ నుంచి వచ్చిన రిక్వెస్టుల్ని ఆపేసేవీ ఉన్నాయి. పోస్ట్‌మన్‌లోనూ బ్రూనోలోనూ ప్రతి హెడర్ పక్కనా టిక్ పెట్టె ఉంటుంది, డిలీట్ చెయ్యకుండా టిక్ తీసి పంపొచ్చు, ఇది చాలా మంచి ఏర్పాటు. నేను సగం హెడర్లకి టిక్ తీసి పంపుతాను, రెస్పాన్స్ మారకపోతే మిగిలినవాటిలో సగం తీస్తాను, మారితే వెనక్కి వస్తాను. ఇలా తగ్గించుకుంటూ పోతే చివరికి ఆ ఎండ్‌పాయింట్‌కి నిజంగా ఏం కావాలో తేలుతుంది, ఆ జాబితా ఏ డాక్యుమెంట్ కన్నా విలువైనది. కుకీల్ని కూడా ఇలాగే తగ్గించాలి, పొడుగాటి కుకీ హెడర్‌లో ఎక్కువ భాగం అనలిటిక్స్‌వే, సెషన్‌ది ఒకటో రెండో.

కుకీల దగ్గర పోస్ట్‌మన్‌లో ఒక ఇబ్బంది ఉంది. కర్ల్‌తో వచ్చిన కుకీ ఒక మామూలు హెడర్‌గా కూర్చుంటుంది, పోస్ట్‌మన్‌కి తనదైన కుకీ జార్ (కుకీలు దాచుకునే చోటు) వేరే ఉంటుంది. సర్వర్ రెస్పాన్స్‌లో కొత్త సెషన్ కుకీ ఇస్తే అది జార్‌లోకి వెళ్తుంది, కానీ మీ హెడర్‌లో పాతది అలాగే ఉంటుంది. ఏది వెళ్తోందో అర్థం కాకపోతే పోస్ట్‌మన్ కన్సోల్ (వెళ్ళిన రిక్వెస్టుల లాగ్) తెరిచి నిజంగా వెళ్ళిన రిక్వెస్ట్‌ని చూడండి. నా పద్ధతి ఏంటంటే హెడర్‌లోని కుకీని తీసేసి, లాగిన్ రిక్వెస్ట్‌ని కూడా కలెక్షన్‌లో మొదట పెట్టి, దాన్ని నడిపితే జార్ తనంతట తనే నిండేలా చూసుకోవడం. టోకెన్ అయితే లాగిన్ రెస్పాన్స్ నుంచి తీసి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టే రెండు లైన్ల స్క్రిప్ట్ రాసి, మిగతా రిక్వెస్టుల్లో ఆ వేరియబుల్ పేరే వాడాలి. బేస్ యూఆర్ఎల్‌ని కూడా వేరియబుల్ చేస్తే స్టేజింగ్‌లో (విడుదలకి ముందు పరీక్షించే సర్వర్‌లో) పట్టిన రిక్వెస్ట్ ఇంకో ఎన్విరాన్‌మెంట్‌లో కూడా నడుస్తుంది.

సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (వేరే సైట్ మీ పేరుతో రిక్వెస్ట్ పంపకుండా ఆపేది) ఉన్న సైట్లలో ఇంకో మెట్టు ఎక్కువ. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో సీఎస్ఆర్ఎఫ్‌టోకెన్ అనే కుకీ వస్తుంది, దాని విలువనే ఎక్స్-సీఎస్ఆర్ఎఫ్‌టోకెన్ హెడర్‌లో తిరిగి పంపాలి. లారావెల్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్‌లో కూడా ఇలాంటిదే, ఎక్స్ఎస్ఆర్ఎఫ్-టోకెన్ కుకీ, దానికి జతగా హెడర్. కర్ల్‌లో ఇవి రెండూ పాత విలువలతో వస్తాయి కాబట్టి సెషన్ మారగానే చదివే రిక్వెస్టులు పనిచేస్తాయి, రాసే రిక్వెస్టులు మాత్రం తిరస్కరించబడతాయి. గెట్ (చదివేది) నడిచి పోస్ట్ (రాసేది) నడవకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక హార్ ఫైల్. హెచ్‌టీటీపీ ఆర్కైవ్ అని పూర్తి పేరు, లోపల ఉండేది మామూలు జేసన్, అందరూ వాడేది 1.2 వెర్షన్. నెట్‌వర్క్ ట్యాబ్‌లో పట్టుబడిన రిక్వెస్టులు, రెస్పాన్సులు, టైమింగులు అన్నీ ఒకే ఫైల్‌లో వస్తాయి. ఇన్సోమ్నియా దీన్ని నేరుగా ఇంపోర్ట్ చేసుకుని ఒక్కో ఎంట్రీని ఒక్కో రిక్వెస్ట్‌గా చేస్తుంది. ఒక యూజర్ చేసే పని మొత్తం వరసగా కావాలన్నప్పుడు ఇది నిజంగా ఉపయోగపడుతుంది. ఒక్కో రిక్వెస్ట్‌నీ కర్ల్‌గా కాపీ చేస్తూ కూర్చుంటే మధ్యలో ఏదో ఒకటి తప్పిపోతుంది, హార్‌లో అది జరగదు.

కానీ తెచ్చాక చూస్తే గందరగోళం. అనలిటిక్స్ పింగ్‌లు, బొమ్మలు, ఫాంట్లు, బ్రౌజర్ ముందుగా అనుమతి అడిగే ప్రీఫ్లైట్ ఆప్షన్స్ రిక్వెస్టులు అన్నీ కలిసిపోయి, మీకు కావాల్సినవి ఆ గుట్టలో ఎక్కడో ఉంటాయి. జేసన్ కాబట్టి ఇంపోర్ట్‌కి ముందే జేక్యూ అనే కమాండ్ లైన్ టూల్‌తోనో చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తోనో మీ ఏపీఐ డొమైన్ ఉన్న ఎంట్రీలు మాత్రమే ఉంచి మిగతావి తీసేయండి, ఆ పది లైన్ల స్క్రిప్ట్ ఒకసారి రాసుకుంటే మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది. ఇంకో విషయం, క్రోమ్ నుంచి వచ్చే హార్‌లో హెచ్‌టీటీపీ/2 సూడో హెడర్లు, అంటే కోలన్‌తో మొదలయ్యే అథారిటీ, మెథడ్, పాత్, స్కీమ్ అనేవి, మామూలు హెడర్ల మధ్యనే ఉంటాయి. వాటిని టూల్ అలాగే పంపడానికి చూస్తే చెల్లని హెడర్ పేరని ఎర్రర్ వస్తుంది. కర్ల్ కాపీలో క్రోమ్ వాటిని తనే తీసేస్తుంది, హార్‌లో తీసెయ్యాల్సింది మనమే. కంటెంట్-లెంగ్త్ కూడా అంతే. బాడీని మీరు కాస్త చిన్నది చేసి, పాత కంటెంట్-లెంగ్త్ వదిలేస్తే సర్వర్ ఇంకా రావాల్సిన బైట్ల కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది, మీరేమో రిక్వెస్ట్ ఎందుకు వేలాడుతోందా అని చూస్తూ ఉంటారు.

హార్ గురించి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి భద్రత. ఆ ఫైల్‌లో సెషన్ కుకీలు ఉంటే, అది ఎవరి చేతికి చిక్కితే వాళ్ళు పాస్‌వర్డ్ అవసరం లేకుండా, రెండో దశ వెరిఫికేషన్ అడగకుండా మీ అకౌంట్‌లోకి వచ్చెయ్యగలరు. ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2023లో ఓక్టా (కంపెనీలకి లాగిన్ సేవలిచ్చే సంస్థ) సపోర్ట్ సిస్టమ్‌లోకి దూరిన వాళ్ళు 134 మంది కస్టమర్ల ఫైళ్ళు చూశారు, వాటిలో కస్టమర్లు సమస్య చూపించడానికి పంపిన హార్ ఫైళ్ళు ఉన్నాయి, వాటిలోని సెషన్ టోకెన్లతో ఐదుగురు కస్టమర్ల సెషన్లని చేజిక్కించుకున్నారని ఆ కంపెనీనే ప్రకటించింది. ఆ తర్వాత క్లౌడ్‌ఫ్లేర్ అనే వెబ్ భద్రతా కంపెనీ హార్ ఫైళ్ళని శుభ్రం చేసే టూల్ ఒకటి బయటపెట్టింది. క్రోమ్ కూడా 130వ వెర్షన్ నుంచి, ఎక్స్‌పోర్ట్ చేసే హార్‌లో కుకీ, సెట్-కుకీ, ఆథరైజేషన్ హెడర్లని మామూలుగానే తీసేస్తోంది. నాకు ఇది ఎంతో నచ్చిన మార్పు, ఇంకా ముందే రావాల్సింది.

ఈ మార్పు తెలియకపోవడం వల్ల టెస్టర్లకి ఒక అయోమయం వచ్చింది. ఇంతకు ముందు హార్ ఇంపోర్ట్ చెయ్యగానే నడిచేవి, ఇప్పుడు అన్నీ 401 అంటున్నాయి అంటే కారణం అదే. డెవ్‌టూల్స్ సెట్టింగులలో నెట్‌వర్క్ విభాగంలో సున్నితమైన డేటాతో హార్ తయారుచెయ్యడానికి అనుమతించే టిక్ ఒకటి ఉంది, అది పెడితే పాత పద్ధతి కూడా అందుబాటులోకి వస్తుంది. నేను మాత్రం పెట్టను. ఎలాగూ లాగిన్‌ని వేరియబుల్‌గా మార్చాల్సిందే కదా, కుకీలు లేకుండా వస్తే ఆ పని మొదటి నుంచే సరైన దారిలో జరుగుతుంది. ఒక సర్వీస్ వాళ్ళ సపోర్ట్ ఈమధ్య కూడా నన్ను హార్ ఫైల్ పంపమని అడిగింది, పంపే ముందు కుకీలు తీసెయ్యమని మాత్రం ఎక్కడా ఒక్క మాట లేదు. అడిగేవాళ్ళు చెప్పకపోయినా పంపేవాళ్ళు చూసుకోవాలి, పంపాక ఆ సైట్‌లో లాగవుట్ కూడా అయిపోవాలి.

ఇంటర్‌సెప్టర్ అనేది పోస్ట్‌మన్ వాళ్ళ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. మీరు బ్రౌజర్‌లో తిరుగుతుంటే రిక్వెస్టులు నేరుగా పోస్ట్‌మన్‌లో చేరతాయి, ఒక డొమైన్ చెప్తే దాని కుకీల్ని ఎప్పటికప్పుడు జార్‌లోకి తెస్తుంది. ఈ కుకీ సింక్ కోసమే దీన్ని మెచ్చుకుంటాను, ఓటీపీ లాంటివి ఉండి లాగిన్‌ని స్క్రిప్ట్ చెయ్యడం కుదరని సైట్లలో బ్రౌజర్‌లో లాగిన్ అయ్యి పోస్ట్‌మన్‌లో పని చేసుకోవచ్చు. రిక్వెస్టులు పట్టుకోవడానికి మాత్రం యూఆర్ఎల్ ఫిల్టర్ పెట్టకుండా ఆన్ చెయ్యకండి, పక్క ట్యాబ్‌లో తెరిచి ఉన్న మీ మెయిల్ రిక్వెస్టులు కూడా వచ్చి పడతాయి. మొబైల్ యాప్ రిక్వెస్టులు కావాలంటే పోస్ట్‌మన్‌లోనే ప్రాక్సీ (మధ్యలో నిలిచి రిక్వెస్టుల్ని చూసేది) ఉంది, మామూలుగా 5555 పోర్ట్, హెచ్‌టీటీపీఎస్ చూడాలంటే దాని సర్టిఫికెట్ ఫోన్‌లో పెట్టాలి. ఆ పనికి నేను మిట్మ్‌ప్రాక్సీ అనే ప్రాక్సీ టూల్‌నే ఇష్టపడతాను, అందులోంచి కూడా కర్ల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు.

టూల్స్ సంగతికొస్తే, ఈ ఒక్క పనికి పోస్ట్‌మన్ ఇంపోర్టర్ బాగా పక్కాగా ఉంది, కన్సోల్ చాలా బాగుంటుంది. కానీ అకౌంట్‌తో లాగిన్ అయ్యి వాడితే కలెక్షన్లు క్లౌడ్‌కి సింక్ అవుతాయి, అంటే మీరు పేస్ట్ చేసిన ఆ కుకీ, ఆ టోకెన్ కూడా వెళ్తాయి. టీమ్ వర్క్‌స్పేస్ అయితే అందరికీ కనిపిస్తాయి. ఆఫ్‌లైన్‌గా వాడుకునే స్క్రాచ్ ప్యాడ్‌ని 2023లో తీసేశాక, లాగిన్ లేకుండా వాడితే కలెక్షన్లు చేసుకునే వీలు లేకుండా పోయింది. ఇన్సోమ్నియా కూడా అదే ఏడాది 8.0 వెర్షన్‌లో అకౌంట్ తప్పనిసరి చేసేసరికి వాడేవాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు, తర్వాతి వెర్షన్లలో డేటాని లోకల్‌గా ఉంచుకునే ఏర్పాటు మళ్ళీ తెచ్చారు.

బ్రూనో నాకు ఎక్కువ నచ్చడానికి కారణం ఇదే, రిక్వెస్టులన్నీ మీ డిస్క్ మీద ఒక ఫోల్డర్‌లో సాదా టెక్స్ట్ ఫైళ్ళుగా ఉంటాయి, ఎక్కడికీ సింక్ అవ్వవు, గిట్‌లో (ఫైళ్ళలో మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) పెట్టుకుంటే ఎవరు ఏ హెడర్ మార్చారో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కాకపోతే అదే దాని ప్రమాదం కూడా. కర్ల్ పేస్ట్ చేసి శుభ్రం చెయ్యకుండా కమిట్ చేస్తే టోకెన్ గిట్ చరిత్రలోకి వెళ్ళిపోతుంది, తర్వాత ఫైల్‌లో తీసేసినా పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. అందుకని సీక్రెట్లని ఎన్వ్ ఫైల్‌లో పెట్టి దాన్ని గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ జాబితాలో) చేర్చడం మొదటి రోజే చెయ్యాలి.

హాప్‌స్కాచ్ అనే ఇంకో ఏపీఐ టూల్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేసే పని లేదు, కర్ల్ చక్కగా తీసుకుంటుంది, కానీ అది కూడా ఒక వెబ్ పేజీయే కనుక కార్స్ నియమాలు (ఒక సైట్ పేజీ వేరే డొమైన్‌తో మాట్లాడటానికి బ్రౌజర్ పెట్టే ఆంక్షలు) దానికీ వర్తిస్తాయి. దాటాలంటే ఎక్స్‌టెన్షనో ప్రాక్సీయో కావాలి. ఈ సందర్భంలోనే చెప్పాలి, డెస్క్‌టాప్ టూల్స్‌లో కార్స్ ఉండదు. "పోస్ట్‌మన్‌లో పనిచేస్తోంది, బ్రౌజర్‌లో పనిచెయ్యట్లేదు" అంటే చాలాసార్లు కారణం అదే, అది ఏపీఐ సరిగ్గానే ఉందనడానికి రుజువు కాదు.

అసలు టూల్‌లోకి తేవాలా అన్నది కూడా ఒక్కసారి ఆలోచించండి. ఒక్క ఫీల్డ్ మార్చి చూడ్డానికే అయితే ఫైర్‌ఫాక్స్‌లో ఎడిట్ అండ్ రీసెండ్ ఉంది, అక్కడికక్కడే మార్చి పంపెయ్యొచ్చు, కుకీల గొడవ ఉండదు. క్రోమ్‌లో రీప్లే ఎక్స్‌హెచ్ఆర్ ఉంది గానీ అది మార్చనివ్వదు, ఉన్నదాన్నే మళ్ళీ పంపుతుంది. వెబ్‌సాకెట్ (తెరిచే ఉండి రెండు వైపులా మెసేజ్‌లు వెళ్ళే కనెక్షన్) ట్రాఫిక్‌కైతే ఈ దారులేవీ సరిగ్గా పనికిరావు. క్రోమ్ హార్‌లో ఆ మెసేజ్‌లు ఒక అదనపు ఫీల్డ్‌లో వస్తాయి, వాటిని చదువుకుని టూల్‌లో వెబ్‌సాకెట్ రిక్వెస్ట్‌ని చేత్తో కట్టుకోవాలి.

అన్ని హెడర్లూ కుకీలూ అచ్చంగా అవే ఉన్నా 403 (అనుమతి లేదనే కోడ్) వస్తోందంటే, ఆ సైట్ ముందు బాట్‌లని ఆపే రక్షణ ఉండొచ్చు. టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకాల ఉండే ఎన్‌క్రిప్షన్) కనెక్షన్ మొదలుపెట్టే తీరు బట్టి కూడా అవతలున్నది బ్రౌజరా కాదా అని అవి పసిగడతాయి, దాన్ని కర్ల్ పేస్ట్ చేసి దాటలేరు. మీ సొంత ప్రాడక్ట్ అయితే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో మీ ఐపీకి మినహాయింపు ఇవ్వమని ఇన్‌ఫ్రా టీమ్‌ని అడగండి. మీది కాని సైట్ అయితే అక్కడితో ఆపెయ్యండి. టెస్టింగ్‌కి అనుమతి లేని సిస్టమ్‌ల మీద ఈ పద్ధతులు వాడటం నాకు సమ్మతం కాదు.

ఇంపోర్ట్ అయ్యి, శుభ్రమై, వేరియబుల్స్ పెట్టాక నేను చేసే పని ఇంకొకటుంది. రిక్వెస్ట్‌ని డూప్లికేట్ చేసి, కుకీనీ ఆథరైజేషన్ హెడర్‌నీ పూర్తిగా తీసేసి పంపుతాను. పోస్ట్‌మన్‌లో అయితే జార్‌లోని కుకీల్ని కూడా తుడిచెయ్యాలి, లేకపోతే అది వెనకాల నుంచి చేర్చేస్తుంది. 401 రావాలి. 200 వచ్చి డేటా కనిపిస్తే, స్క్రీన్ మీద లాగిన్ అడుగుతున్నా సర్వర్ అడగట్లేదన్నమాట. తర్వాత ఇంకో టెస్ట్ యూజర్ టోకెన్ పెట్టి, మొదటి యూజర్ ఆర్డర్ నంబర్‌తో అదే రిక్వెస్ట్ పంపి చూస్తాను, అప్పుడు 403 గానీ 404 (దొరకలేదనే కోడ్) గానీ రావాలి. డేటా వస్తే ఆ కర్ల్‌ని శుభ్రం చేసి, టోకెన్ల చోట వేరియబుల్ పేర్లు పెట్టి బగ్ టికెట్‌లో అతికించండి. డెవలపర్ తన మెషీన్‌లో పేస్ట్ చేసుకుంటే అదే రిజల్ట్ అక్కడ కూడా కనిపిస్తుంది.